కూరి చుట్టిన చికెన్ రోల్స్‌ను ఇటాలియన్ పద్ధతిలో వండడం: సమగ్ర మార్గదర్శి

ఇటలీలో ఇన్‌వోల్తీని అని పిలిచే ఈ రోల్స్‌ను ఇంట్లో ప్రయత్నించినవారు అడిగే ప్రశ్నలు దాదాపుగా మూడింటి చుట్టూనే తిరుగుతాయి. చీజ్ అంతా పెనంలోకి కారిపోతోంది. దారం తీయగానే రోల్ విచ్చుకుంటోంది. పైన మాంసం ఎండిపోయినా నడుమ మాత్రం పచ్చిగానే ఉంటోంది. వీటికి కారణం పొయ్యి దగ్గర వెతికితే దొరకదు. మాంసం మందం అంతటా ఒకేలా లేకపోవడం, స్టఫింగ్‌లో నీరు మిగిలిపోవడం, వండేముందు రోల్ చల్లబడి బిగుసుకోకపోవడం అసలు లోపాలు. అందుకే ఇక్కడ సగం వరకూ పొయ్యి వెలిగించకముందు చేయవలసిన పనుల గురించే చెప్పవలసి వచ్చింది.

ఈ కొలతలు నలుగురికి, మనిషికి ఒక రోల్ చొప్పున సరిపోతాయి. మొదటిసారి చేసేవారు పాలకూర, రికోటా చీజ్ కలిపిన స్టఫింగ్‌తో మొదలుపెట్టడం మంచిది. అది మాంసాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది కనుక చుట్టడం సులభం.

1. సమకూర్చుకోవలసినవి

మాంసానికి:

- ఎముక, తోలు లేని చికెన్ బ్రెస్ట్ ముక్కలు 4 (ఒక్కొక్కటి 180 నుంచి 200 గ్రాములు)
- ఉప్పు ఒక చెంచా (సుమారు 5 గ్రాములు), అప్పటికప్పుడు దంచిన మిరియాల పొడి

స్టఫింగ్‌కు:

- పాలకూర ఆకులు 200 గ్రాములు
- రికోటా చీజ్ 130 గ్రాములు (నీరు ఓడ్చాక 100 గ్రాముల వరకు మిగులుతుంది)
- తురిమిన పార్మెజాన్ చీజ్ 30 గ్రాములు
- తడి తక్కువగా ఉన్న మొజరెల్లా లేదా స్కమోర్జా చీజ్ 60 గ్రాములు
- ఎండిన బ్రెడ్ పొడి 15 గ్రాములు
- ఒక వెల్లుల్లి రెబ్బ, సగం నిమ్మకాయ పైతొక్క తురుము, చిటికెడు జాజికాయ పొడి
- ప్రోషుట్టో (ఉప్పు పట్టించి ఆరబెట్టిన ఇటాలియన్ పంది మాంసం) పలుచని రేకులు 4 (వేయకపోయినా ఫరవాలేదు)

వేయించడానికి, సాస్‌కు:

- ఆలివ్ నూనె 2 పెద్ద చెంచాలు, వెన్న 40 గ్రాములు
- సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయ ఒకటి
- పులుపున్న, తీపి లేని వైట్ వైన్ 120 మిల్లీలీటర్లు
- ఉప్పు తక్కువగా ఉన్న చికెన్ స్టాక్ (చికెన్ మరిగించి వడకట్టిన రసం) 120 మిల్లీలీటర్లు
- నిమ్మరసం ఒక చిన్న చెంచా, తరిగిన పార్స్‌లీ కొద్దిగా

పనిముట్లు:

- పదునైన పొడవాటి కత్తి, జారని కటింగ్ బోర్డు
- అడుగు చదునుగా ఉన్న మాంసపు సుత్తి లేదా అప్పడాల కర్ర
- మందపాటి ప్లాస్టిక్ షీట్లు లేదా పార్చ్‌మెంట్ కాగితం, క్లింగ్ ఫిల్మ్
- రంగు వేయని నూలు దారం
- ఓవెన్‌లో పెట్టగలిగిన బరువైన పెనం, 26 నుంచి 28 సెంటీమీటర్ల వెడల్పు
- సూది ఉన్న వంట థర్మామీటర్

ఈ జాబితాలో దేన్నైనా వదులుకోవచ్చు గాని థర్మామీటర్‌ను వదులుకోకూడదు. లోపల ఏముందో బయటికి కనిపించని వంటకం ఇది. పైరంగు చూసి, వేలితో నొక్కి చూసి ఉడుకు తేల్చగల అనుభవం మామూలు చికెన్ ముక్కకు పనికివస్తుందేమో గాని, నడుమ చల్లని చీజ్ ఉన్న రోల్‌కు పనికిరాదు.

2. పనుల వరుస

ముందురోజు రాత్రి మాంసానికి ఉప్పు పట్టించి, రికోటాను గుడ్డలో వేసి ఓడ్చి, రెండింటినీ ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మరుసటి రోజు పని తేలికవుతుంది. అంత వ్యవధి లేకపోతే వడ్డనకు మూడుంపావు గంటల ముందు మొదలుపెట్టాలి: రికోటా ఓడ్చడంతో కలిపి స్టఫింగ్ తయారీకి, అది చల్లారడానికి గంటంబావు, కోసి, కొట్టి, చుట్టడానికి మరో ముప్పావు గంట, రోల్స్ ఫ్రిజ్‌లో బిగుసుకోవడానికి కనీసం అరగంట, మిగిలినది వంటకు, సాస్‌కు.

స్టఫింగ్ ఎప్పుడూ మాంసం కోయడానికి ముందే సిద్ధమై, పూర్తిగా చల్లబడి ఉండాలి. పచ్చి మాంసంపై వేడి స్టఫింగ్ పరిస్తే మాంసం గోరువెచ్చబడి, సూక్ష్మజీవులు వేగంగా పెరిగే ఉష్ణోగ్రతలో చాలాసేపు ఉండిపోతుంది. అంతేగాక చీజ్ అప్పుడే మెత్తబడి, చుట్టేటప్పుడే పక్కలకు వచ్చేస్తుంది.

3. మాంసం ఎంపిక, ఉప్పు పట్టించడం

నాలుగు ముక్కలూ ఇంచుమించు ఒకే బరువు ఉండేలా చూసుకోవాలి. ఒకటి 150 గ్రాములు, మరొకటి 260 గ్రాములు ఉంటే అవి ఒకేసారి ఉడకవు. 300 గ్రాములకు మించిన భారీ ముక్కల్లో కొన్ని గట్టిగా, పీచుగా ఉంటాయి. ఎంత కొట్టినా మెత్తబడవు. గడ్డకట్టిన మాంసమైతే ఫ్రిజ్ కింది అరలో ఒక రాత్రంతా ఉంచి కరిగించాలి. నడుమ ఇంకా గట్టిగా ఉన్న ముక్కను కొడితే పగులుతుంది.

మాంసాన్ని కుళాయి కింద కడగవద్దు. నీళ్లతో పాటు సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ వంటి బ్యాక్టీరియా సింకు చుట్టూ చిందుతాయి. వాటిని చంపేది వేడి మాత్రమే. కాగితపు తువ్వాలుతో తడి అద్దితే చాలు. ఆ కాగితాన్ని వెంటనే చెత్తబుట్టలో వేసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఉప్పును మాంసం రెండు వైపులా చల్లి, మూత లేకుండా ఫ్రిజ్‌లో కనీసం అరగంట, వీలైతే రాత్రంతా ఉంచాలి. ఉప్పు మొదట నీటిని బయటికి లాగుతుంది. తరువాత ఆ ఉప్పునీరే తిరిగి లోపలికి ఇంకి, ఉడికేటప్పుడు మాంసం తన తడిని నిలుపుకోవడానికి తోడ్పడుతుంది. ప్రోషుట్టో వాడదలచినవారు ఉప్పును సగానికి తగ్గించాలి, ఎందుకంటే ఆ రేకులు వేడికి మరింత ఉప్పగా మారతాయి.

4. స్టఫింగ్: నీరు తీయడమే అసలు పని

స్టఫింగ్‌లో మిగిలిన నీరు వేడికి ఆవిరవుతుంది. ఆ ఆవిరికి దారి కావాలి. అది రోల్ అంచులను తెరుచుకుని వస్తూ కరిగిన చీజ్‌ను కూడా వెంట తీసుకువస్తుంది. చీజ్ కారిపోవడానికి చాలామంది దారాన్ని నిందిస్తారు గాని, నేరం నీటిదే.

క) రికోటాను పలుచని గుడ్డలో వేసి, జల్లెడపై ఉంచి, ఫ్రిజ్‌లో గంటసేపు వదిలేయాలి. గుడ్డ విప్పినప్పుడు అది ముద్దగా ఊడి రావాలి. చెంచా తిరగేస్తే జారకూడదు.

గ) పాలకూరను కడిగి, ఆకులకు అంటిన నీటితోనే వెడల్పాటి పెనంలో రెండు నిమిషాలు వాడ్చాలి. దాన్ని పళ్లెంలో పరిచి చల్లార్చి, గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిండాలి. మొదటి పిండుకు ఆకుపచ్చని నీరు ధారగా వస్తుంది. అక్కడ ఆగిపోకుండా ముద్దను విప్పి, ఆకును సన్నగా తరిగి, పొడి గుడ్డలో మూటకట్టి మెలితిప్పితే ఇంకో రెండు మూడు చెంచాల నీరు వస్తుంది. ఆ రెండో పిండే రోల్‌ను నిలబెట్టేది. 200 గ్రాముల ఆకు చివరకు ఒక పిడికెడు ముద్దగా మిగులుతుంది.

చ) వెల్లుల్లిని మెత్తగా నూరి, చెంచాడు ఆలివ్ నూనెలో సన్నని మంటపై అరనిమిషం వేయించాలి. పచ్చి వెల్లుల్లిని నేరుగా స్టఫింగ్‌లో కలిపితే రోల్ లోపల అది సరిగా వేగక ఘాటుగా మిగిలిపోతుంది.

ట) పాలకూర, రికోటా, పార్మెజాన్, వెల్లుల్లి, నిమ్మతొక్క తురుము, జాజికాయ, మిరియాలు, బ్రెడ్ పొడి కలిపి రుచి చూడాలి. ఉడికాక చుట్టూ ఉన్న మాంసం వల్ల ఉప్పు తగ్గినట్టు అనిపిస్తుంది కనుక, ఈ దశలో కాస్త గట్టి రుచి ఉండాలి. అయితే ప్రోషుట్టో ఉంటే ఇక ఉప్పు వేయవద్దు.

మొజరెల్లాను ఈ మిశ్రమంలో కలపకూడదు. వేలు పొడవున నాలుగు కడ్డీలుగా కోసి విడిగా ఉంచుకోవాలి. దాన్ని రోల్ నడిబొడ్డున పెడితే చివరిగా కరుగుతుంది. తురిమి అంతటా కలిపితే మొదటే కరిగి బయటికి దారి వెతుక్కుంటుంది. నీటిలో తేలుతూ అమ్మే తాజా మొజరెల్లా ఈ పనికి సరిపోదు. దాని రుచి ఎంత బాగున్నా, దాన్ని సలాడ్‌కే అట్టేపెట్టుకోవడం మేలు.

5. మాంసాన్ని తెరవడం, పలచగా కొట్టడం

బ్రెస్ట్ ముక్క అడుగున సన్నని విడి పట్టీ ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాన్ని టెండర్లాయిన్ అంటారు. ముందుగా దాన్ని లాగి తీసి పక్కన పెట్టాలి. చినుగు పడితే అతుకు వేయడానికి పనికివస్తుంది.

ముక్కను నున్నని వైపు పైకి వచ్చేలా బోర్డుపై పెట్టి, అరచేతిని దానిపై చదునుగా ఆనించాలి. కత్తిని బోర్డుకు సమాంతరంగా పట్టుకుని, మందంగా ఉన్న పొడవాటి అంచు నుంచి సరిగ్గా సగం ఎత్తులో కోత మొదలుపెట్టాలి. రంపం లాగినట్టు కోయకుండా పొడవైన గీతలతో, రెండో అంచుకు ఒక సెంటీమీటరు దూరం వరకు వెళ్లి ఆగాలి. ఇప్పుడు పై భాగాన్ని ఎత్తితే ముక్క పుస్తకంలా తెరుచుకుంటుంది.

తెరిచిన ముక్కను రెండు ప్లాస్టిక్ షీట్ల మధ్య పెట్టి, పైషీటుపై నాలుగు చుక్కల నీళ్లు చిలకరించాలి. అప్పుడు సుత్తి అంటుకోకుండా జారుతుంది. దెబ్బ నిలువుగా పడి, చివరలో కొంచెం బయటివైపుకు తోసినట్టు ఉండాలి. నడుమ నుంచి అంచులవైపు పోవాలి. మందం అంతటా 6 నుంచి 7 మిల్లీమీటర్లు వచ్చేసరికి ఆపాలి. తెరిచినప్పుడు మడత వచ్చిన గీత దగ్గర మాంసం మందంగా మిగిలిపోతుంది; వేలితో తడిమి చూసి అక్కడ మరో రెండు దెబ్బలు వేయాలి.

పళ్లున్న సుత్తి వైపు వాడవద్దు, అది మాంసాన్ని చీలుస్తుంది. 5 మిల్లీమీటర్ల కంటే పలచబడితే చుట్టేటప్పుడు చిరుగుతుంది. సెంటీమీటరు కంటే మందంగా ఉంటే రోల్ బిగుసుకోదు, నడుమ ఉడకదు. చిల్లు పడితే పక్కన పెట్టిన టెండర్లాయిన్‌ను పలచగా కొట్టి, చిల్లుపై రెండు సెంటీమీటర్లు అతివ్యాప్తమయ్యేలా వేసి, షీటు మీదుగా మెల్లగా తట్టితే అతుక్కుంటుంది.

6. పరచడం, చుట్టడం, కట్టడం

నున్నని వైపు కిందికి వచ్చేలా మాంసాన్ని పరిచి, మిరియాల పొడి చల్లాలి. ప్రోషుట్టో వేస్తే ఈ దశలోనే, మాంసానికి అంటుకునేలా పరవాలి. తరువాత స్టఫింగ్‌ను చెంచా వెనక వైపుతో పూయాలి. ఒక్కో రోల్‌కు మిశ్రమం సుమారు 55 గ్రాములు, మొజరెల్లా 15 గ్రాములు చాలు. ఇక్కడ ఆశపడితే ఫలితం ఉండదు. ఇంతకు మించి లోపల పెడితే ఎంత గట్టిగా కట్టినా అది నిలవదు.

రెండు పక్కలా 2 సెంటీమీటర్లు, చివరి అంచున 3 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. చుట్టేకొద్దీ మిశ్రమం ముందుకు జరుగుతూ ఆ చోటును నింపుతుంది.

ఏ వైపు నుంచి చుట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. మాంసపు పోగులు ఎక్కువగా ముక్క పొడవు వెంట ఉంటాయి. పొడవాటి అంచు నుంచి చుట్టడం మొదలుపెడితే పోగులు రోల్ పొడవునా పడుకుంటాయి. వండాక అడ్డంగా కోసినప్పుడు ఆ పోగులు తెగి, నోటిలో మెత్తగా అనిపిస్తుంది. పొట్టి అంచు నుంచి చుడితే ప్రతి ముక్కలోనూ పొడవాటి పీచు తగులుతుంది.

చుట్టే క్రమం:

1. దగ్గరి అంచు వెంట మొజరెల్లా కడ్డీని పెట్టాలి.
2. రెండు పక్క అంచులను లోపలికి మడవాలి.
3. దగ్గరి అంచును కడ్డీపైకి ఎత్తి, వేళ్లతో వెనక్కి లాగి బిగించి, ఆ తరువాతే ముందుకు దొర్లించాలి.
4. ప్రతి అర చుట్టుకూ మళ్లీ వెనక్కి బిగించాలి. లోపల గాలి మిగలకూడదు.
5. చివరి అంచు అడుగుకు వచ్చేలా పెట్టి నిమిషంసేపు వదిలేయాలి.

దారంతో కట్టేటప్పుడు మొదట నడుమ, తరువాత రెండు చివరలా, ఆపై మధ్య ఖాళీల్లో ముడి వేయాలి. ముడికీ ముడికీ 3 సెంటీమీటర్లు ఎడం ఉంటే చాలు. దారం మాంసాన్ని పట్టుకోవాలి గాని కోసుకుపోకూడదు. దారానికి బదులు టూత్‌పిక్‌లు వాడవచ్చు. అప్పుడు ప్రతి రోల్‌కూ సరిగ్గా మూడే గుచ్చాలి. వడ్డించే ముందు లెక్కపెట్టి తీయడానికి అదే దారి. పుల్లను అతుకు (చివరి అంచు రోల్‌కు అంటే గీత) వెంట కుట్టినట్టు గుచ్చితే రోల్ పెనంలో దొర్లుతుంది. నిలువుగా గుచ్చితే ఒక పక్కకు రంగే రాదు.

7. ఫ్రిజ్‌లో బిగించడం

కట్టిన రోల్‌ను క్లింగ్ ఫిల్మ్‌లో చుట్టి, రెండు కొసలూ మెలితిప్పి, ఫ్రిజ్‌లో కనీసం అరగంట ఉంచాలి. ఈ దశను దాటవేయాలనే తొందర సహజమే గాని, అతుకు కరుచుకునేదీ, చీజ్ గట్టిపడేదీ ఇప్పుడే. నాలుగు డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే చల్లగా ఉన్న ఫ్రిజ్‌లో ఇలా ఒక రోజు వరకు ఉంచవచ్చు.

పొయ్యి వెలిగించేముందు చూసుకోవలసినవి:

- క్లింగ్ ఫిల్మ్ పూర్తిగా తీశారా?
- రోల్ పైభాగం కాగితంతో అద్ది పొడిగా చేశారా?
- ఓవెన్ 190 డిగ్రీల సెల్సియస్‌కు చేరిందా?
- పచ్చి మాంసం తగిలిన బోర్డు, కత్తి, సుత్తి, ట్యాపు పిడి కడిగారా?
- వండిన రోల్స్ పెట్టడానికి వేరే శుభ్రమైన పళ్లెం ఉందా?

8. పెనంలో రంగు, ఓవెన్‌లో ఉడుకు

పెనాన్ని మధ్యస్థం కంటే కొంచెం ఎక్కువ మంటపై వేడిచేసి, ఆలివ్ నూనె, 15 గ్రాముల వెన్న వేయాలి. వెన్న నురుగు తగ్గగానే రోల్స్‌ను అతుకు అడుగుకు వచ్చేలా పెట్టాలి. రెండు నిమిషాల పాటు వాటిని కదపకూడదు. అతుకు ముందుగా వేగితే అక్కడి మాంసకృత్తులు గట్టిపడి ఆ చోటు మూసుకుపోతుంది. తరువాత మిగిలిన వైపులను ఒక్కొక్కటి ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు తిప్పుతూ, బంగారు రంగు వచ్చేవరకు వేయించాలి. మొత్తం మీద 6 నుంచి 8 నిమిషాలు పడుతుంది.

రోల్ పెనానికి అంటుకుంటే బలవంతంగా పీకవద్దు. సరిగా వేగిన వైపు తనంతట తానే విడుతుంది. అంటుకుందంటే ఇంకో అరనిమిషం ఆగాలని అర్థం. నాలుగూ ఒకదానికొకటి తగులుతూ ఇరుకుగా ఉంటే అవి వేగవు, ఆవిరిలో ఉడుకుతాయి. అలాంటప్పుడు రెండేసి చొప్పున వేయించుకోవాలి.

పెనాన్ని నేరుగా ఓవెన్ మధ్య అరలో పెట్టి 14 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. ఈ అంకెలు అంచనా మాత్రమే. రోల్ లావు, ఫ్రిజ్ చల్లదనం, ఓవెన్ తీరును బట్టి మారతాయి కనుక 12వ నిమిషం నుంచే ఉష్ణోగ్రత చూడడం మొదలుపెట్టాలి.

థర్మామీటర్ సూదిని రోల్ పక్క నుంచి గుచ్చితే ఆ చిల్లు గుండా చీజ్ బయటపడుతుంది. ఒక కొస నుంచి, రోల్ పొడవు వెంట, సరిగ్గా నడిమధ్య వరకు గుచ్చాలి. స్టఫింగ్ మధ్యభాగం 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. మాంసం ఉడికితే చాలదు. చుట్టేటప్పుడు పచ్చి మాంసపు రసం స్టఫింగ్‌లోకి దిగుతుంది కనుక అది కూడా అదే వేడిని చూడాలి. అన్ని రోల్స్‌లోకీ లావుగా ఉన్నదాన్ని కొలిచి, అది చేరాకే బయటికి తీయాలి. కత్తితో కోసి రంగు చూడడం నమ్మదగిన పరీక్ష కాదు.

బయటికి తీసిన పెనం పిడిపై వెంటనే మందపాటి గుడ్డ చుట్టాలి. ఓవెన్ నుంచి వచ్చిన పిడి పొయ్యి మీద పెట్టగానే మామూలు పిడిలాగే కనిపిస్తుంది. సాస్ చేసే హడావుడిలో చేతులు కాలేది అక్కడే.

9. ఓవెన్ లేకుండా వండే రెండు దారులు

వైన్‌లో: రోల్స్‌కు రంగు తెప్పించి పక్కకు తీయాలి. అదే పెనంలో ఉల్లిపాయ వేయించి, వైన్ పోసి సగానికి మరిగించి, స్టాక్ చేర్చాలి. రోల్స్ తిరిగి పెట్టి, మూత వేసి, సన్నని మంటపై 12 నుంచి 15 నిమిషాలు ఉంచి, నడుమ ఒకసారి తిప్పాలి.

టొమాటోలో: 400 గ్రాముల చిదిమిన టొమాటోలను వెల్లుల్లి, ఆలివ్ నూనె, కొన్ని బేసిల్ ఆకులతో పది నిమిషాలు ముందుగానే ఉడికించాలి. ఆ తరువాత రోల్స్ వేసి 15 నుంచి 20 నిమిషాలు మగ్గనివ్వాలి.

రెండింటిలోనూ ద్రవం అంచుల్లో మెల్లగా బుడగలు వేస్తూ ఉండాలి గాని కుతకుత మరగకూడదు. మరిగితే మాంసం కుంచించుకుపోయి, లోపలిది బయటికి వస్తుంది. 74 డిగ్రీల నియమం ఇక్కడా మారదు. పూత లేని ఇనుప పెనంలో టొమాటో, వైన్ ఎక్కువసేపు ఉడికించవద్దు. పులుపుకు లోహపు రుచి దిగుతుంది.

10. రోల్స్ సేదతీరుతుండగా సాస్

రోల్స్‌ను శుభ్రమైన పళ్లెంలోకి తీసి, పైన రేకు కాగితం వదులుగా కప్పి, 6 నుంచి 8 నిమిషాలు కదపకుండా ఉంచాలి. కరిగిన చీజ్ కొంచెం చిక్కబడేందుకు ఈ వ్యవధి తప్పనిసరి.

పెనంలో ఒక చెంచా కొవ్వు మాత్రమే ఉంచి మిగతాది వంపేసి, ఉల్లిపాయ ముక్కలు రెండు నిమిషాలు వేయించాలి. మంట నుంచి కాసేపు పక్కకు జరిపి వైన్ పోసి, అడుగున అంటిన గోధుమరంగు పొరను చెక్క గరిటెతో గీకి కరిగించాలి. రుచంతా ఆ పొరలోనే ఉంటుంది. అది నల్లబడి మాడితే మాత్రం పారేసి శుభ్రమైన పెనంలో సాస్ మొదలుపెట్టాలి. వైన్ సగమయ్యాక స్టాక్ పోసి, గరిటెకు పలుచగా అంటేవరకు మరిగించాలి. పళ్లెంలో ఊరిన రసాన్ని కూడా చేర్చి ఒక పొంగు రానివ్వాలి. పొయ్యి ఆపి, మిగిలిన చల్లని వెన్నను ముక్కలుగా వేసి తిప్పాలి. చివరలో నిమ్మరసం, పార్స్‌లీ వేయాలి.

వైన్ వాడనివారు దాని బదులు స్టాక్‌ను అంతే పోసి, నిమ్మరసాన్ని రెట్టింపు చేసుకోవచ్చు.

11. కోయడం, వడ్డించడం

ముందు దారాలు కత్తిరించి తీయాలి, లేదా పుల్లలు లెక్కపెట్టాలి. పొడవాటి కత్తితో, పైనుంచి నొక్కకుండా ముందుకూ వెనక్కీ లాగుతూ, 2 సెంటీమీటర్ల మందంలో కొంచెం ఏటవాలుగా కోయాలి. అంతకంటే పలచగా కోస్తే చుట్లు విడిపోతాయి. సాస్‌ను పళ్లెం అడుగున పోసి, దానిపై ముక్కలు అమర్చితే వేగిన పైపొర నానదు. ఇటాలియన్ భోజనక్రమంలో ఇది పాస్తా తరువాత వచ్చే మాంసపు వంతు కనుక, పక్కన ఉడికించిన కూరగాయలో, కాల్చిన బంగాళాదుంపలో పెడతారు.

12. తరచుగా జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

*చీజ్ పెనంలోకి కారింది.* స్టఫింగ్ తడిగా ఉంది, లేదా పక్క అంచులు మడవలేదు. ఈసారికి కారిన చీజ్‌ను గీకి తీసి, రోల్స్‌ను ఓవెన్‌కు మార్చాలి. వచ్చేసారి బ్రెడ్ పొడి ఒక చెంచా పెంచి, పాలకూరను రెండుసార్లు పిండాలి.

*పైన బాగా వేగింది, లోపల 60 డిగ్రీలే ఉంది.* పెనాన్ని రేకుతో కప్పి, ఓవెన్‌ను 170 డిగ్రీలకు తగ్గించి, అడుగున రెండు చెంచాల స్టాక్ పోసి కొనసాగించాలి. మంట పెంచడం వల్ల బయటిది మాడుతుంది తప్ప నడుమకు వేడి త్వరగా చేరదు.

*మాంసం పొడిబారింది.* రోల్ మరీ లావుగా ఉండి, నడుమ ఉడికేసరికి బయటి చుట్టు దాటిపోయింది. రోల్ వ్యాసం 5 నుంచి 6 సెంటీమీటర్లకు మించకుండా చూసుకోవాలి. ఇప్పటికే ఎండినదాన్ని 1 సెంటీమీటరు ముక్కలుగా కోసి, వేడి సాస్‌లో రెండు నిమిషాలు ఉంచి వడ్డిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

*రోల్ పెనంలోనే విచ్చుకుంది.* అతుకు అడుగుకు పెట్టకపోవడమో, ఫ్రిజ్‌లో ఉంచకపోవడమో కారణం. రెండు పటకారులతో మూసి పట్టుకుని, అతుకుపై పుల్ల గుచ్చి, ఇక తిప్పకుండా ఓవెన్‌లో పెట్టేయాలి.

*రంగు పాలిపోయి ఉంది.* పైభాగం తడిగా ఉంది, లేదా పెనం చాలినంత వేడెక్కలేదు. వేయించే ముందు మైదాను పలుచగా అద్ది దులిపితే రంగు సులువుగా వస్తుంది, సాస్ కూడా చిక్కబడుతుంది.

*ఉప్పు ఎక్కువైంది.* ప్రోషుట్టో, పార్మెజాన్, మామూలు స్టాక్ మూడూ కలిసిన ఫలితమిది. సాస్‌లో నీళ్లు పోసే బదులు ఉప్పు లేని వెన్న, నిమ్మరసం పెంచాలి, సాస్‌ను ఎక్కువ మరిగించకూడదు.

13. పద్ధతి పట్టుబడ్డాక మార్చదగిన స్టఫింగ్‌లు

ప్రోషుట్టో, ఫొంతీనా చీజ్, రెండు సేజ్ ఆకులు: అన్నింటికంటే వేగంగా అయ్యేది ఇదే, పిండవలసింది ఏమీ లేదు. ఫొంతీనా బాగా జారుగా కరుగుతుంది కనుక దాన్ని ప్రోషుట్టో రేకులో పూర్తిగా చుట్టి పెట్టాలి.

ఎండబెట్టిన టొమాటో, బేసిల్, స్కమోర్జా: నూనెలో నిల్వ ఉంచిన టొమాటోలను జల్లెడలో వేసి, కాగితంతో అద్ది వాడాలి. మిగిలిన నూనె అతుకును కరుచుకోనివ్వదు.

సిసిలీ తరహా: బ్రెడ్ పొడి, పెకొరీనో చీజ్, ఎండుద్రాక్ష, పైన్ గింజలు, నూనెలో మగ్గించిన ఉల్లిపాయ. ఇది తడి పీల్చే స్టఫింగ్ కనుక కారే భయం తక్కువ. అయితే పొడిపొడిగా ఉంటే కోసినప్పుడు రాలుతుంది. గుప్పిట్లో నొక్కితే ముద్ద నిలిచేంత ఆలివ్ నూనె లేదా స్టాక్ కలపాలి. అక్కడ వీటిని చిన్నవిగా చుట్టి, నడుమ బే ఆకు, ఉల్లిపాయ పొర పెట్టి పుల్లకు గుచ్చి కాలుస్తారు. అలా చేయాలంటే ఒక్కో బ్రెస్ట్‌ను మూడు నాలుగు పలుచని రేకులుగా కోసుకోవాలి.

14. ముందే చేసి ఉంచడం, మిగిలినవి దాచడం

వండిన రోల్స్‌ను రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టాలి. కోయకుండా ఉంచితే తడి నిలుస్తుంది. మూడు నాలుగు రోజుల వరకు నిల్వ ఉంటాయి. తిరిగి వేడిచేసేటప్పుడు సాస్‌తో పాటు మూత పెట్టి, సన్నని మంటపై, నడుమ మళ్లీ 74 డిగ్రీలు వచ్చేవరకు ఉంచాలి. మైక్రోవేవ్‌లో చీజ్ ఒక పక్క పేలి, మరో పక్క చల్లగానే ఉండే అవకాశం ఎక్కువ. తప్పనిసరైతే ముక్కలుగా కోసి, తక్కువ పవర్‌పై వేడిచేయాలి.

డీప్ ఫ్రీజర్‌లో పెట్టదలచినవారు రికోటా స్టఫింగ్‌ను ఎంచుకోవద్దు. గడ్డకట్టి కరిగాక రికోటా నీరు విడుస్తుంది. ప్రోషుట్టో, ఫొంతీనా రోల్స్‌ను వండకముందే ఒక్కొక్కటిగా ఫిల్మ్‌లో చుట్టి గడ్డకట్టించుకోవచ్చు. అయితే ఆ మాంసం అప్పటికే ఒకసారి గడ్డకట్టి కరిగినదైతే నాణ్యత బాగా తగ్గుతుంది కనుక తాజా మాంసంతోనే ఈ పని చేయాలి. వండే ముందురోజు వాటిని ఫ్రిజ్ కింది అరకు మార్చి, పూర్తిగా కరిగాక ఎనిమిదో దశ నుంచి మొదలుపెట్టాలి.